పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం ప్రశాంతంగా ఉంటుందంటారు, నిజమేనా?

అడిగిన అబ్బాయి బీటెక్ చదివాడట. పదో తరగతి మార్కుల మీద గ్రామీణ డాక్ సేవక్‌గా (జీడీఎస్) సెలక్షన్ వచ్చిందట. జీతం ఎంత, పని ఎలా ఉంటుంది, చేరమంటారా వద్దంటారా, అందరూ ప్రశాంతమైన ఉద్యోగం అంటున్నారు నిజమేనా అని అడుగుతున్నాడు.

చేరు బాబూ. జీతం సంగతి చెప్పేస్తాను: అసిస్టెంట్ బ్రాంచి పోస్ట్‌మాస్టర్ అయితే 10,000, బ్రాంచి పోస్ట్‌మాస్టర్ అయితే 12,000తో మొదలు, దాని మీద డీఏ. తర్వాత పరీక్ష రాసి పోస్ట్‌మ్యాన్ అయితే ఏడో వేతన సంఘం లెక్కలో మూల వేతనం 21,700 నుంచి మొదలవుతుంది. అయిపోయింది. ఇక ఆ 'ప్రశాంతం' అన్న మాట ఉంది చూశావూ, దాని సంగతి తేల్చాలి.

నేను 1983లో ఈడీగా చేరాను. మీరిప్పుడు జీడీఎస్ అంటున్నదే అప్పట్లో ఈడీ, ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్. మేం డిపార్ట్‌మెంటుకి ఎక్స్‌ట్రా అని పేరులోనే పెట్టేశారు. ఆరేళ్లకి పరీక్ష రాసి పోస్ట్‌మ్యాన్ అయ్యాను. 2019లో రిటైరయ్యాను. అన్నేళ్లూ విజయవాడే, అందులో సగానికి పైగా వన్‌టౌన్ కొండ బీటు, అంటే నేను ఉత్తరాలు పంచే ఇళ్లు కొండ మీద.

కొండ బీటంటే బెంజి సర్కిల్ వైపు వాళ్లకి చెప్పినా అర్థం కాదు. విజయవాడ అంటే బందరు రోడ్డూ, ఏలూరు రోడ్డూ, అమ్మవారి గుడీ అనుకుంటారు. చిట్టినగర్, కొత్తపేట వైపు తలెత్తి చూస్తే కొండకి పిడకలు కొట్టినట్టు ఇళ్లుంటాయి. కింద వరకే సైకిలు. దాన్ని కిళ్లీకొట్టు దగ్గర పెట్టి, సంచీ భుజానేసుకుని మెట్లెక్కాలి. అవి గుడి మెట్లలా ఒక లెక్కలో ఉండవు. ఒకటి జానెడు, ఇంకోటి మోకాలెత్తు, మధ్యలో ఎవరో అంట్లు తోముకుంటుంటారు. మే నెలలో ఆ రాయి సెగ చెప్పుల్లోంచి అరికాలికి తగులుతుంది. వానాకాలంలో పైనుంచి ఏ బండ జారుతుందోనని భయం.

అయినా ఎండా మెట్లూ నన్నేం చేయలేదు. మోకాళ్లు అరిగాయి, అరిగితే అరిగాయి. నన్ను ముప్పై ఏళ్లు కాల్చుకు తిన్నవి అడ్రసులు. పందెం కాస్తాను, ఇది చదువుతున్న మీలో సగం మంది గుమ్మం దాకా వెళ్లి చూడకుండా మీ డోరు నంబరు చెప్పలేరు. అద్దెకుండే వాళ్లయితే అసలు చెప్పలేరు.

1996 ఎండాకాలం. కాకినాడ నుంచి ఒక రిజిస్టర్ ఉత్తరం వచ్చింది, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో, అంటే అందుకున్నవాళ్లు సంతకం పెడితే పంపినవాళ్లకి తిరిగి వెళ్లే కార్డు. మీద ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు, 'గారు', కింద 'కొండ మీద, రాములవారి గుడి దగ్గర, విజయవాడ-1'. డోరు నంబరు లేదు. నా బీటులో రాములవారి గుళ్లు మూడు. ఒకటి కింద మెట్ల మొదట్లో, ఒకటి నడిమి మలుపులో, ఒకటి పైన నీళ్ల ట్యాంకు పక్కన. ఆ పేరు గల పెద్దమనిషి ఒకాయన పైన ఉంటాడని లీలగా గుర్తు, రైల్వేలో చేసి రిటైరైనాయన. కింది గుడి దగ్గర అడిగాను, తెలీదన్నారు. నడిమి గుడి దగ్గర అడిగితే, అదిగో ఆ నీలం తలుపు, అన్నారు.

తలుపు కొట్టాను. యాభై ఏళ్లాయన వచ్చాడు, లుంగీ కట్టుకుని. పేరు చదివాను.

"నేనేనండి."

"ఇంటిపేరు?"

చెప్పాడు. సరిపోయింది, మొదటి అక్షరంతో సహా. నేను రొప్పుతున్నాను. ఆయన లోపలికి కేకేస్తే వాళ్లావిడ మజ్జిగ తెచ్చింది, ఉప్పేసి కరివేపాకు నలిపి. ఆ గ్లాసు చల్లదనం నాకిప్పటికీ గుర్తే. ఆయన సంతకం పెట్టాడు, కార్డు మీదా పెట్టాడు. నేను దిగొచ్చాను. పైదాకా ఎక్కే పని తప్పిందని సంతోషం కూడా పడ్డాను, అబద్ధం ఎందుకు.

నెలన్నర తర్వాత పైన ఉండే రైల్వే పెద్దాయన ఆఫీసుకి వచ్చి కౌంటరు మీద గుద్దాడు. విషయమేమిటంటే, వాళ్లమ్మాయికి కాకినాడ సంబంధం ఒకటి కుదిరేలా ఉంది. అబ్బాయి జాతకమూ, ఫొటోనూ వాళ్లు రిజిస్టర్ పోస్టులో పంపారు. ఈయన ఎదురు చూస్తున్నాడు. వాళ్లకేమో సంతకంతో కార్డు తిరిగి అందింది. ఉత్తరం అందుకుని కూడా ఉలుకూ పలుకూ లేదంటే ఇష్టం లేదనేగా అర్థం? వాళ్లు వేరే సంబంధం చూసుకున్నారు. ఈయన ఉండబట్టలేక కార్డు రాస్తే, 'మీ సంతకం మా దగ్గరుంది' అని జవాబిచ్చారు.

నీలం తలుపు దగ్గరికి పరిగెత్తాను. ఆయన తాపీగా దూలానికి వేలాడే తీగ కిందికి దించాడు. కరెంటు బిల్లులు, పెళ్లి శుభలేఖలు గుచ్చే తీగ. వాటి మధ్యలో మన కవరు, చింపకుండా, నడిమధ్య తీగ దిగి ఉంది.

"ఇది మీది కాదని తెలుసా మీకు?" అన్నాను.

"తెలుసండి. నాకు కాకినాడలో ఎవరున్నారు?"

"మరి ఎందుకు తీసుకున్నారు?"

"మీరు ఆ ఎండలో పడి వచ్చారు. నోట మాట రావట్లేదు. కాదంటే మళ్లీ పైకెక్కాలిగా, జాలేసిందండి. మా బావమరిది ఆ వైపే ఉంటాడు, వాడితో పంపిద్దామనుకున్నా. మర్చిపోయాను."

ఏమంటాం? మనిషి మంచోడు. పెట్టింది దొంగ సంతకం కూడా కాదు, ఆయన పేరు అదే! ఆ మజ్జిగ తాగిన గొంతుతో తిట్టలేకపోయాను.

కవరు పైకి తీసుకెళ్లి పెద్దాయన చేతికిచ్చాను. విప్పాడు. అబ్బాయి ఫొటోకి చెవి దగ్గర కన్నం, జాతకచక్రానికి ఒక కన్నం. సరిగ్గా ఏడో ఇంట్లో, కళత్ర స్థానంలో పడిందని ఆయన కొండంతా చెప్పుకున్నాడు. నేను చూడలేదు, చూసే ధైర్యం లేక.

విచారణ జరిగింది. మజ్జిగ సంగతి రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. ఇచ్చాను. రూల్ 16 (చిన్న శిక్షల) చార్జిషీటు, ఆరు నెలలు ఇంక్రిమెంటు ఆపారు. తప్పు ఎవరిదయ్యా అంటే, డోరు నంబరు రాయని కాకినాడ వాళ్లది ముందు. తనది కాదని తెలిసీ తీసుకున్న మనిషిది తర్వాత. మూడోది నాది, ఒప్పుకుంటాను. కానీ శిక్ష పడేది సంచీ మోసేవాడికే. దీన్నే జనం ప్రశాంతమైన ఉద్యోగం అంటారు.

పెద్దాయన ఆ తర్వాత నా చేతి మీదుగా ఒక్క కాగితం అందుకోలేదు. "అరుగు మీద పెట్టు" అనేవాడు మొహం అటు తిప్పి. సంతకం కావాల్సినవి వాళ్లావిడ తీసుకునేది. దసరాకి మామూలు మాత్రం ఒక్క ఏడూ మానలేదు. అదీ చేతికివ్వడు, అరుగు మీదే పెట్టి లోపలికి పోయేవాడు. (మామూళ్లు తీసుకోకూడదు. తీసుకున్నాను. రిటైరయ్యాను కాబట్టి చెప్తున్నా.)

దసరా అంటే గుర్తొచ్చింది. ఊరందరికీ పండగ, వన్‌టౌన్ పోస్ట్‌మ్యాన్‌కి పది రోజుల పద్మవ్యూహం. మూలా నక్షత్రం రోజున సరస్వతీ అలంకారానికి జనం వస్తారు చూడండి, ఆ రోజు క్యూలు, కంచెలు దాటి ఒక సందులోంచి ఎదుటి సందులోకి పోవాలంటే కాళేశ్వరరావు మార్కెట్ వైపు చుట్టి రావాల్సి వచ్చేది. ఖాకీ చూసి పోలీసు వదులుతాడనుకుంటారు. వదలడు.

పిన్‌కోడ్ మీద కూడా నాకు కోపం ఉంది. పిన్‌కోడ్ మీద కాదులే, అది రాయని వాళ్ల మీద. 1972 ఆగస్టు 15న పెట్టారు. ఆరంకెలు. మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లా, చివరి మూడూ పంచే ఆఫీసు. 520 అంటే విజయవాడ, 522 అంటే గుంటూరు. సున్నా బదులు రెండు పడితే కవరు కృష్ణ దాటి గుంటూరు చూసి, మిరపకాయల ఘాటు పీల్చి మళ్లీ వారధి మీదుగా వెనక్కి రావాలి. ఆ రెండు రోజుల ఆలస్యానికి చివర్లో మాట పడేది ఎవరంటారు?

గుంటూరులో చేసే మా బంధువు ఒకాయన మాత్రం నన్ను చూసి నవ్వేవాడు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు రాస్తే చాలు, నాలుగో లైను ఏడో అడ్డరోడ్డు అంటే కళ్లు మూసుకుని పోవచ్చు. చదరంగం పలక లాంటి ఊరు. "మీది ఊరా, చింత చెట్టా? కొమ్మ కొమ్మకీ ఒక ఇల్లు" అనేవాడు. వానపడితే మూడు వంతెనల కింద నీళ్లలో సైకిలు నెత్తిన పెట్టుకుని దాటినప్పుడు ఆ నవ్వు ఏమయ్యేదో నేను అడగలేదు.

మంచి రోజులు లేవా అంటే ఉన్నాయి. ఆకాశవాణికి వచ్చే కార్డులు సార్టింగులో చూడటం ఒక సరదా. ఒక పాట కోసం అర్ధరూపాయి కార్డు మీద పదిహేను పేర్లు, ఇంటిల్లిపాదీ, మేనత్తతో సహా, చీమల్లాంటి అక్షరాలతో. అడ్రసేమో 'ఆకాశవాణి, విజయవాడ' అంతే. అది మాత్రం తప్పకుండా చేరేది! కొండ మీద ముసలమ్మలకి మనియార్డర్లు ఇవ్వడం ఇంకో సంగతి. వేలిముద్ర వేయించి, సాక్షి సంతకం తీసుకుని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి చేతిలో పెడితే, ఆ తర్వాత ఫారం అడుగున కొడుకు రాసిన రెండు ముక్కలు చదివి వినిపించాలి. 'క్షేమం, డబ్బు పంపుతున్నాను' అని మాత్రమే ఉంటుంది. మళ్లీ చదవమనేవాళ్లు. ఇంకేమైనా రాశాడేమో నేను వదిలేశానని అనుమానం.

టెలిగ్రాంలు కూడా మేమే తెచ్చేవాళ్లమని చాలామంది అనుకుంటారు. 1985లోనే తపాలా, టెలికం రెండు శాఖలయ్యాయి. మా ఊళ్లో తంతి తెచ్చే మనిషి వేరు. అయినా ఖాకీ వేసుకుని అకాల వేళ వీధిలోకి వెళ్తే చాలు, ఆడవాళ్లు గుండె పట్టుకునేవారు. 2013 జూలైలో తంతి ఆగిపోయాక గానీ నాకు ఆ చూపులు తప్పలేదు.

ఆఖరి పదేళ్లలో పని మారిపోయింది. ఉత్తరాలు పోయాయి, కార్డులొచ్చాయి: ఆధార్, పాన్, ఏటీఎం. 2018 సెప్టెంబరులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు మొదలయ్యాక మా జేబులో ఫోను, వేలిముద్ర మిషను. ముసలమ్మ వేలికి గీతలే అరిగిపోతే మిషను ఒప్పుకోదు. ఇంకు పూసి కాగితానికి నొక్కిస్తే ఒప్పుకునే రోజులు పోయాయి. కొండ దిగి అపార్ట్‌మెంట్ల బీటు ఇచ్చాక హాయిగా ఉంటుందనుకున్నాను. ఒక చోట వాచ్‌మ్యాన్ లిఫ్టు ఎక్కనివ్వలేదు, బయటివాళ్లు వాడకూడదని బోర్డు చూపించాడు. అయిదో అంతస్తు. కొండ నయం, అక్కడ కనీసం మజ్జిగిచ్చేవారు.

2025లో రిజిస్టర్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. చాలామంది ఫోన్ చేసి బాధపడ్డారు, ఒక శకం ముగిసింది అని. నాకేం బాధ కలగలేదు. ఉత్తరం తీసుకునేవాడి ఫోనుకి ఓటీపీ వస్తేనే ఇచ్చే పద్ధతి కూడా వచ్చిందని మా కుర్రాళ్లు చెప్పారు. 1996లో ఆ ఓటీపీ ఉండి ఉంటే నీలం తలుపాయన జాలి నా ఇంక్రిమెంటుకి తగిలేది కాదు.

అక్టోబరు 9న ప్రపంచ తపాలా దినోత్సవమని ఏటా ఒక శాలువా, ఒక ఫొటో. శాలువా ఎందుకండీ బెజవాడలో? గొడుగిస్తే వాడుకుంటాం.

సరే బాబూ, నీ ప్రశ్నలో ఒక లోపం ఉంది. సెలక్షన్ వచ్చిందన్నావు, ఏ ఊరి బ్రాంచి ఆఫీసో రాయలేదు. ఏ సబాఫీసు కిందో లేదు. మెట్టా, మాగాణా, లంకా? సైకిలు పోతుందా, పడవెక్కాలా? ఊరి పేరు, మండలం, పిన్‌కోడ్ మొత్తం రాయి. అప్పుడు చెప్తాను ప్రశాంతంగా ఉంటుందో లేదో.