టాబ్లెట్‌లో సిమ్ లేకుండా డ్రోన్ ఎగరేస్తే కేసవుతుందా?

ప్రశ్న: లాయరు గారూ, ఆరు వందల గ్రాముల బరువున్న డ్రోన్ ఒకటి కొనుక్కున్నాను. సరదాకే తప్ప డబ్బు తీసుకుని ఎవరికీ వీడియోలు తీయడం లేదు. రిమోట్‌కు తగిలించే టాబ్లెట్‌లో సిమ్ వేసే చోటే లేదు, వైఫై మాత్రమే ఉంది. "డ్రోన్ ఎక్కడుందో ఎప్పటికప్పుడు ప్రభుత్వానికి తెలియాలి, డేటా లేకుండా ఎగరేస్తే కేసు పెడతారు" అని మా మిత్రుడు భయపెడుతున్నాడు. టాబ్లెట్ కోసం విడిగా డేటా ప్లాన్ తీసుకోవాలా? నా ఫోను హాట్‌స్పాట్ వాడుకుంటే తప్పా?

జవాబు: ప్లాన్ అక్కర్లేదు, హాట్‌స్పాట్ తప్పు కాదు. టాబ్లెట్‌లో సిమ్ ఉండాలని గానీ, డ్రోన్ గాలిలో ఉన్నంతసేపూ ఇంటర్నెట్ నడుస్తుండాలని గానీ 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల్లో ఎక్కడా లేదు.

మీ మిత్రుడు ఊరికే కల్పించి చెప్పాడని కూడా అనలేను. సగం చదివి ఉంటాడు. అనుమతి రానిదే డ్రోన్‌ను లేవనివ్వని ఏర్పాటు, అది ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో ఎప్పటికప్పుడు తెలియజేసే ట్రాకింగ్ పరికరం, హద్దు దాటనివ్వని జియోఫెన్సింగ్ వంటివి ఆ నియమాల్లో ప్రస్తావనకు వస్తాయి. అయితే వాటిని ముందుముందు తప్పనిసరి చేసే అధికారాన్ని కేంద్రం తన దగ్గర ఉంచుకున్నదంతే. చేయదలిస్తే నోటిఫికేషన్ ఇవ్వాలి, అమలుకు కనీసం ఆరు నెలల వ్యవధి ఇవ్వాలి. పైగా అవి డ్రోన్‌లో ఉండవలసిన హంగులు. చేతిలో పట్టుకున్న తెరకు నెట్ ఎలా వస్తోందన్నది చట్టానికి పట్టని విషయం.

రిమోట్‌కూ డ్రోన్‌కూ మధ్య సాగేది రేడియో సంభాషణ. సాధారణంగా 2.4 లేదా 5.8 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. మొబైల్ టవర్‌తో దానికి పని లేదు. డ్రోన్‌కు తన జీపీఎస్ తనకు ఉంటుంది. ఎక్కడి నుంచి లేచిందో అదే గుర్తు పెట్టుకుంటుంది. టాబ్లెట్ కేవలం దృశ్యం చూపించే అద్దం. సిమ్ లేకపోవడం ఒకందుకు మంచిదే, ఎగరేస్తుండగా మధ్యలో ఫోన్ కాల్ వచ్చి తెరను కమ్మేయదు.

మరి అసలు చిక్కు ఎక్కడంటే, ఎగరేయడానికి ముందు. మీరు ఎగరేయబోయే చోట ఏమైనా ఆంక్షలు ఉన్నాయేమో డ్రోన్ల కోసం కేంద్రం నడిపే డిజిటల్ స్కై అనే ఆన్‌లైన్ వేదికలో చూసుకోవడం మీ బాధ్యత అని నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. అక్కడి మ్యాపు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా చూపిస్తుంది. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే ఆ వెసులుబాటు 200 అడుగులకు తగ్గుతుంది. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే పసుపు మండలం, అక్కడ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపులో కేంద్రం అనుమతి లేనిదే కదలకూడదు. ఈ రంగులు శాశ్వతం కావు. అవసరం పడితే రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ ఒక ప్రాంతాన్ని తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించవచ్చు. నిన్న పచ్చగా ఉన్న చోటు ఇవాళ ఎర్రబడి ఉండవచ్చు.

నెట్ లేని టాబ్లెట్‌తో దెబ్బ తగిలేది ఇక్కడే. మైదానంలో యాప్ తెరుస్తారు. మ్యాపు ఉండవలసిన చోట బూడిద రంగు గళ్లు కనిపిస్తాయి. లేదా అంతకన్నా ప్రమాదకరంగా, పోయిన వారం ఇంట్లో వైఫై మీద దించుకున్న మ్యాపే నిక్షేపంగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి ఎగరేసి, "నా తెర మీద పచ్చగానే ఉందండీ" అంటే ఆ వాదన నిలవదు. నియమాల ఉల్లంఘనకు లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. డ్రోన్ కంపెనీ యాప్‌లోని మ్యాపు, డిజిటల్ స్కై మ్యాపు ఒకటి కావని కూడా గుర్తుంచుకోండి. యాప్ ఎగరనిచ్చినంత మాత్రాన చట్టం ఎగరనిచ్చినట్టు కాదు.

కాబట్టి బయలుదేరే ముందు ఒకసారి, లేపబోయే ముందు మీ ఫోనులోనే మరోసారి డిజిటల్ స్కై చూడండి. తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

హాట్‌స్పాట్ సంగతి. మీ డేటాను మీ టాబ్లెట్‌కు పంచుకోవడం మీకూ సర్వీసు కంపెనీకీ మధ్య ఒప్పందానికి సంబంధించిన విషయం, అందులో నేరం లేదు. చిక్కల్లా సాంకేతికమైనది. హాట్‌స్పాట్ కూడా తరచూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది కనుక రిమోట్ పక్కనే పెడితే వీడియో తడబడవచ్చు. మ్యాపు దిగాక ఆపేయండి. కొన్ని చిన్న డ్రోన్లు నేరుగా వైఫై ద్వారానే టాబ్లెట్‌తో కలుస్తాయి, అప్పుడు అదే టాబ్లెట్ హాట్‌స్పాట్‌నూ అందుకోవడం సాధారణంగా కుదరదు. మీ డ్రోన్ ఆ రకమైతే ఫోనులో చూసుకోవడమే మార్గం.

మీరు అడగకపోయినా ఒక మాట. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్నది కనుక మీది మైక్రో డ్రోన్. సరదాకు ఎగరేస్తున్నంత కాలం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ డ్రోన్‌ను నమోదు చేసి విశిష్ట గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, థర్డ్ పార్టీ బీమా ఉండాలి. డేటా ప్లాన్ గురించి ఇంత ఆరా తీసిన మీరు ఈ రెండింటి ఊసు ఎత్తకపోవడం చూస్తే నాకు అనుమానంగా ఉంది. విదేశం నుంచి తెప్పించినదైతే ముందు బిల్లు వెతికి పెట్టుకోండి. తయారైన డ్రోన్ల దిగుమతిని, కొద్ది మినహాయింపులతో, 2022 ఫిబ్రవరిలోనే నిషేధించారు.

డ్రోన్ కూలి ఎవరికైనా దెబ్బ తగిలితే 48 గంటల లోపు డిజిటల్ స్కై ద్వారానే తెలియజేయాలి. అలాంటప్పుడు కంగారులో యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం, టాబ్లెట్ రీసెట్ చేయడం వంటివి చేయకండి. నెట్ లేకపోయినా ఆ రోజు ఎగిరిన దారి, ఎత్తు, సమయం చాలా యాప్‌లు టాబ్లెట్‌లోనే దాచి ఉంచుతాయి. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేసి కోర్టులో పెట్టగలిగే సాక్ష్యం అది. మీరు తీసుకున్న స్క్రీన్‌షాట్‌కూ అదే విలువ, అసలు ఫైలు ఫోనులో భద్రంగా ఉంటే.