బుజ్జీ, అద్దం లోపల తుడుచుకుని బయల్దేరు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, అన్నయ్యా అది భోగికి హైదరాబాద్ నుంచి తన కారు తనే నడుపుకుంటా వస్తోందంట, ఆఫీసయ్యాక రాత్రికి బయల్దేరుతుందంట అంది. అప్పట్నించీ నాకు నిద్ర లేదు. సంతోషం లేదనుకున్నావా, మనింట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే, పొద్దున్నే గడియార స్తంభం దగ్గర టీ కొట్లో మా పాత డ్రైవర్లందరికీ చెప్పేశాను కూడా. కానీ రాత్రి ప్రయాణం ఎందుకే తల్లీ?

టైర్లలో గాలి, ఇంజనాయిల్, స్టెప్నీ నువ్వే చూసుకుంటావ్. నేను చెప్పేది డ్రైవరు ఎదురుగా ఉండే బండి ముందు అద్దం గురించి, అదీ లోపలి వైపు. బయటంతా అందరూ కడుగుతారు, లోపల ఎవరూ ముట్టుకోరు. బండి ఎండలో ఉంటే డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ వేడెక్కి అందులోంచి ఆవిర్లొచ్చి అద్దానికి పడతాయి, దాని మీద మన ఊపిరి, దుమ్ము, అగరొత్తుల పొగ, అన్నీ కలిసి జిడ్డు పొరలా అవుతుంది. పగలు కనపడదు. ఎదుటి బండి లైటు పడ్డప్పుడే తెలుస్తుంది.

నాకెలా తెలిసిందో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. 1991 మాఘమాసం, పెళ్ళిళ్ళ సీజను, నా అంబాసిడర్‌కి ఒక్కరోజు ఖాళీ లేదు. ముక్తేశ్వరం వైపు మనవాళ్ళ పెళ్ళి, బండి మెరవాలని డ్యాష్‌బోర్డంతా కొబ్బరినూనె రాసి, అదే తుండుతో లోపల అద్దం కూడా ఓ దులుపు దులిపేశా. పగలంతా బాగానే ఉంది. రాత్రి రెండింటికి తిరిగొస్తున్నాం, మంచు, దాళ్వాకి, అదే రెండో పంట వరికి, వదిలిన నీళ్ళతో కాలవ గట్టుదాకా నిండుగా ఉంది, ఎదురుగా కొబ్బరికాయల లారీ, డిమ్ము కొట్టడే. ఆ లైటు పడగానే అద్దమంతా పాలు ఒలకబోసినట్టు తెల్లగా అయిపోయింది, రోడ్డు లేదు, గట్టు లేదు, ఏమీ లేదు. కంగార్లో అరచేత్తో తుడిచా, ఇంకా అలికినట్టయింది. లారీకి దారిద్దామని ఎడమకి తీశానో లేదో ముందు చక్రం గట్టు దిగి బురదలో కూరుకుపోయి బండి ఒరిగిపోయింది. దిగి చూస్తే కాలవ నీళ్ళు రెండు జానల దూరంలో ఉన్నాయి. వెనక సీట్లో మా అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని మీ అమ్మ నిద్రపోతోంది, దానికి పదమూడేళ్ళప్పుడు. కదుపుకి లేచి ఏమైంది అన్నయ్యా అంటే పంక్చరే పడుకో అన్నాను. చేలో నీళ్ళు పెట్టుకోడానికొచ్చిన రైతులు నలుగురు పట్టి బండి పైకి లాగారు. ఇంటికొచ్చి పెరట్లో కూచుని తెల్లార్లూ వణికాను.

అందుకని నే చెప్పినట్టు చెయ్. బండి నీడలో పెట్టి, అద్దం చల్లారాక మొదలెట్టు. గుడ్డలు మూడు కావాలి, మైక్రోఫైబర్‌వి కొత్తవి, వాటిని బట్టలకి వాసనొచ్చేందుకు వేసే కంఫర్టు నీళ్ళలో నానబెట్టకు, ఆ జిడ్డే మళ్ళీ అద్దానికి ఎక్కుద్ది. ముందు తడి గుడ్డతో దుమ్ము తియ్. తర్వాత మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి గుడ్డకి కొట్టు, అద్దం మీద కొట్టావంటే కారి డ్యాష్‌బోర్డు మీద పడుద్ది. తలుపులు తీసిపెట్టు, ఆ వాసన పీల్చకు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మన తీరంలో బోరు నీళ్ళు ఉప్పన, ఇక్కడికొచ్చాక వాటితో తుడవకు, ఆరితే తెల్ల మరకలే. లోపల పైనించి కిందకి, బయట అడ్డంగా తుడువు, అప్పుడు చార మిగిల్తే ఏ వైపుదో ఇట్టే తెలుస్తుంది. అద్దం డ్యాష్‌బోర్డుని కలిసే మూల ఉంది చూశావూ, అక్కడ చెయ్యి దూరదు, పక్క సీట్లో కూచుని గుడ్డని అరచెయ్యి వెనకవైపు పెట్టి తోస్తే అందుద్ది. వెనక బళ్ళు చూసే చిన్నద్దాన్ని గట్టిగా నొక్కకు, అది అతుకు మీదే నిలబడుంది. చివర్న పొడిగుడ్డ. చీకటి పడ్డాక ఫోన్ లైటు బయట్నించి ఏటవాలుగా వేసి చూడు, పొగలా కనపడితే మళ్ళీ తుడువు, బద్ధకించకు.

డ్యాష్‌బోర్డుకి మెరిసే పాలిష్ వద్దు, ఆ మెరుపు అద్దంలో కనపడుద్ది. అగరొత్తులు బయట వెలిగించి బండి చుట్టూ తిప్పు, స్వామి ఏమీ అనుకోడు.

మంచులో అద్దం మసకేస్తే వేలు పెట్టి చూడు. లోపల తడిగా ఉంటే ఏసీ గాలి అద్దం మీదకి తిప్పి బయటి గాలి రానియ్, బయట తడైతే ఏసీ తగ్గించి వైపర్ వెయ్.

సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం వచ్చాక ఆగి నాకు ఫోన్ చెయ్, ఎన్ని గంటలైనా సరే. అక్కణ్ణించి లోపలికి కాలవ పక్క రోడ్డు, నేను ముందు స్కూటర్ మీద వస్తా, నా వెనక లైటు చూసుకుంటా నెమ్మదిగా రా. వద్దు మావయ్యా చలి అనకు, మఫ్లర్ ఉంది. అత్త నీకోసం పూతరేకులు తెప్పించి దాచింది.

పంక్చర్ సంగతి మాత్రం అమ్మకి చెప్పకు.

మావయ్య