బేరింగ్ వేడెక్కితే గ్రీజు కొట్టమని పంపుకి చెప్పే ముందు

చిరంజీవి రవికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ ప్లాంటులో ఫ్యాన్ మోటార్లకి ఆటోమేటిక్ గ్రీజు పంపులు పెడుతున్నారనీ, టెంపరేచర్ చూసి గ్రీజు పంపే లాజిక్ నిన్నే రాయమన్నారనీ ఫోన్లో చెప్పావు. ఆ రోజు మాట మధ్యలోనే ఆగిపోయింది. నేను ఇదే పనిని ఒకసారి తప్పుగా చేశాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

అప్పట్లో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నాను. బేరింగ్ 80 డిగ్రీలు దాటితే ఒక డోసు గ్రీజు పడేలా పెట్టాం. చలికాలమంతా బాగా నడిచింది. రోహిణి కార్తె వచ్చేసరికి షెడ్డులోనే 45 డిగ్రీలు. ఏ లోపమూ లేకుండానే బేరింగ్ 80 దాటింది, పంపు గ్రీజు కొట్టింది. కొత్త గ్రీజు పడగానే బాల్స్ దాన్ని చిలుకుతాయి, ఆ చిలకడానికే వేడి ఇంకొంచెం పెరుగుతుంది. పెరిగింది కదా అని పంపు మళ్లీ కొట్టింది. రాత్రంతా ఇదే. తెల్లారేసరికి గ్రీజు సీలు దాటి వైండింగ్ మీదకి చేరింది. కవర్ విప్పితే లోపల ఖాళీ జాగా లేదు, గ్రీజు నల్లగా మాడిపోయి ఉంది. రీడింగ్ చూసి పంపుని నడిపించే ఆ చక్రాన్నే కంట్రోల్ లూప్ అంటాం. బేరింగ్‌ని కాపాడాలని పెట్టిన లూపే దాన్ని తినేసింది.

గ్రీజు తక్కువైనా వేడే, ఎక్కువైనా వేడే. టెంపరేచర్ ఒక్కటే చూసే కంట్రోలర్‌కి ఈ రెండింటికీ తేడా తెలియదు. కాబట్టి వేడిని బట్టి అప్పటికప్పుడు డోసు వేయించకు. వేడిని బట్టి ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య గడువు మార్పించు. బేరింగ్ 70 డిగ్రీల పైన నడుస్తుంటే ప్రతి 15 డిగ్రీలకీ గ్రీజు గడువు సగానికి తగ్గించాలని బేరింగ్ తయారీదారులే చెబుతారు. దానికి వారం సగటు తీసుకుంటే చాలు, గంట గంటకీ పరిగెత్తాల్సిన అవసరం లేదు.

డోసు ఎంతో ముందే కట్టేసుకో. బేరింగ్ బయటి వ్యాసాన్ని, వెడల్పుని మిల్లీమీటర్లలో గుణించి, దాన్ని 0.005తో గుణిస్తే గ్రాములొస్తాయి. 6316 బేరింగ్‌కి 170, 39 వేస్తే సుమారు 33 గ్రాములు. పంపు ఒక స్ట్రోక్‌కి ఎంత తోస్తుందో కాగితం మీద నమ్మకు, త్రాసు మీద తూచి చూడు. పాత గ్రీజు బయటికి పోయే డ్రెయిన్ ప్లగ్ తెరిచి ఉందో లేదో నీ కళ్లతో చూసుకో. పంపు తిరిగినంత మాత్రాన గ్రీజు బేరింగ్‌కి చేరినట్టు కాదు. పొడుగాటి పైపులో పాత గ్రీజు గట్టిపడిపోయి ఉంటే అక్కడే ఆగిపోతుంది.

మేనేజ్‌మెంట్ డబ్బు ఇస్తే ముందు, మన చెవికి అందని బేరింగ్ శబ్దాన్ని కొలిచే అల్ట్రాసౌండ్ సెన్సర్ అడుగు. నిజంగా ఫీడ్‌బ్యాక్ అనదగింది అదే. బేరింగ్ బాగున్నప్పటి శబ్దాన్ని రాసిపెట్టుకో. దాని మీద 8 డెసిబెల్స్ పెరిగితే గ్రీజు అడుగుతోందని సాధారణంగా లెక్క. అప్పుడు కొద్దికొద్దిగా వేయించు. శబ్దం దిగుతున్నంతసేపు కొనసాగించి, దిగడం ఆగి మళ్లీ పైకి తిరగగానే ఆపేయాలి. ఎంత వేసినా దిగకపోతే అది గ్రీజు సమస్య కాదు, బేరింగ్ దెబ్బతిన్నట్టు. అలాంటప్పుడు లూప్ అలారం కొట్టాలి గానీ ఇంకో డోసు వేయకూడదు.

సెన్సర్ వచ్చేదాకా టెంపరేచర్‌తోనే నెట్టుకురావాల్సి వస్తే, బయటి గాలి టెంపరేచర్ తీసేసి మిగిలిన తేడానే చూడు. పక్కనే మోటారు కరెంటు కూడా చూడు, లోడు పెరిగితే వేడి పెరగడం మామూలే. ఒక డోసు పడ్డాక కనీసం ఒక రోజు పంపు కదలకుండా తాళం వెయ్యి. టెంపరేచర్ కొలిచే ఆర్టీడీ సెన్సర్ వైరు తెగితే, దాని రీడింగ్‌ని కంట్రోలర్‌కి పంపే ట్రాన్స్‌మిటర్లు చాలావరకు రీడింగ్‌ని పైకి ఎగరేస్తాయి. దాన్ని చూసి పంపు గ్రీజు కొట్టకూడదు, మామూలు గడువు లెక్కకి వెళ్లిపోవాలి. ఈ ఒక్కటీ మర్చిపోకు నాన్నా.

రేపు టర్బైన్ల దగ్గరికి వెళితే గ్రీజు పోయి నూనె వస్తుంది, అక్కడ లెక్క వేరు. 1880లలో ఇంగ్లండ్‌లో బీచంప్ టవర్ రైలు ఇరుసు బేరింగ్‌కి నూనె రంధ్రం చేసి చెక్క బిరడా బిగిస్తే, లోపలి ఒత్తిడి దాన్ని బయటికి నెట్టేసింది. తిరిగే షాఫ్టే నూనె పొరలో ఒత్తిడి పుట్టిస్తుంది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. అక్కడ నీ లూప్ చేయాల్సింది లోపలికి వెళ్లే నూనెని 40-45 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచడమే. కూలర్ వాల్వ్‌ని గబగబా తిప్పావంటే నూనె చిక్కదనం ఊగుతుంది, దాంతోపాటు వైబ్రేషన్ కూడా. 3000 ఆర్‌పీఎం మెషిన్ వైబ్రేషన్ గ్రాఫులో 20 నుంచి 24 హెర్ట్జ్ మధ్య కొత్త శిఖరం లేచిందంటే ఆయిల్ వర్ల్ అని, అంటే నూనె పొరే షాఫ్టుని చుట్టూ ఊపుతోందని అనుమానించు. షాఫ్టుని మోసే బేరింగ్ ప్యాడ్‌లోని రంధ్రంలోంచి నూనెని నేరుగా సర్వోవాల్వ్‌తో (సిగ్నల్‌ని బట్టి చటుక్కున కదిలే వాల్వ్) కొట్టి ఆ ఊపుని అణచే పద్ధతి మీద డెన్మార్క్‌లో ఇల్మార్ శాంటోస్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. ఓపిక ఉన్నప్పుడు చదువు, చాలా అందమైన పని అది.

లాజిక్ రాశాక మొదటి నెల పంపుకి కరెంటు ఇవ్వకు. ఎప్పుడు కొట్టేదో రికార్డు మాత్రం చేయనివ్వు. ఆ కాగితాలు దసరాకి వచ్చేటప్పుడు పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న