తుపాను షెల్టరుకు వెళ్లాల్సి వస్తే కుక్క, పిల్లులు, గేదె సంగతి

లంక ఊళ్లో రేకుల ఇల్లు, ఒక నాటుకుక్క, రెండు పిల్లులు, ఒక పాడిగేదె ఉన్నాయని, ఖాళీ చేయమంటే వీటినేం చేయాలని అడిగారు. హెచ్చరిక వచ్చాక చేయగలిగేది చాలా తక్కువండి. పనంతా ఎండ కాస్తున్నప్పుడే అవ్వాలి.

ముందు చోటు ఖాయం చేసుకోండి. షెల్టరుగా వాడే బడిలోకి కుక్కను రానిస్తారని నమ్ముకోవద్దు. పసిపిల్లలతో కిక్కిరిసిన గదిలో కరుస్తుందేమోనని జనం భయపడటం సహజమే. గ్రామ సచివాలయంలో ఇప్పుడే అడిగేయండి. కుదరదంటే, ఏటిగట్టుకు అవతల స్లాబు ఇల్లున్న చుట్టాలతో మాట్లాడుకోండి. "అప్పుడు చూద్దాంలే" అన్నవాళ్లను లెక్కలో వేసుకోకండి.

ఇక ఎప్పుడు కదలాలన్నది. వాతావరణ శాఖ తీరంలో వాతావరణం చెడటానికి కనీసం 48 గంటల ముందు పసుపు రంగు హెచ్చరిక, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక ఇస్తుంది. జంతువులు పసుపుకే కదలాలి. నారింజ దాకా ఆగితే వాన మొదలవుతుంది, ఆటో దొరకదు, పిల్లి అటకెక్కి దిగదు. గోదావరి వరదకు లెక్క వేరు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకలో ఉన్నవాళ్లు మొదటి హెచ్చరికకే గేదెను గట్టెక్కించాలి. రెండోది వచ్చేసరికి దారి మునిగితే పడవలో ముందు మనుషులనే ఎక్కించుకుంటారు.

అన్నిటికంటే కష్టం పిల్లులతోనే. బోను లేకపోతే కూరగాయల బజారులో వాడే ప్లాస్టిక్ ట్రేలు రెండు తెచ్చి, ఒకదాని మీద ఒకటి బోర్లించండి. పొడవు వైపు ఒక పక్క మూడు ప్లాస్టిక్ టైలు (వైర్లు కట్టే బిగింపు పట్టీలు) కొంచెం వదులుగా వేస్తే అది మూతలా తెరుచుకుంటుంది. రెండో పక్క టైలు పిల్లిని పెట్టాక బిగించాలి. మోసేటప్పుడు పై ట్రే అంచు పట్టుకుంటే బరువంతా టైల మీద పడి తెగుతాయి. అందుకే నైలాన్ తాడు అడుగు నుంచి చుట్టి, పైన ముడేసి, ఆ తాడు పట్టుకుని మోయండి. ఒక పెట్టెకు ఒక్క పిల్లే. ఒకే తల్లి పిల్లలైనా బెదిరితే ఒకదాన్నొకటి చీరేసుకుంటాయి. ఈ రోజు నుంచే తిండి ఆ పెట్టెలో పెట్టండి. కొన్ని వారాలకు అందులోనే పడుకుంటాయి. ఆ అలవాటు లేని పిల్లిని తువ్వాలులో చుట్టి, తోక వైపు నుంచి లోపలికి పంపాలి. తల వైపు నుంచి తోస్తే నాలుగు కాళ్లూ అంచుకు తన్నిపెడుతుంది.

నాటుకుక్క తల సన్నం. బెదిరి వెనక్కి లాగితే మెడపట్టీ జారిపోతుంది. కాబట్టి మెడపట్టీతో పాటు ఛాతీ బెల్టు కూడా వేసి, రెండిటికీ తాడు తగిలించండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. మీ ఫోన్ నంబరు చెరగని మార్కరుతో పట్టీ లోపలి వైపు రాసి, పైన పారదర్శక టేపు అంటించండి. బుట్ట చిక్కం అయితే కుక్క నోరు తెరిచి రొప్పగలదు. గుడ్డతో మూతి కట్టేస్తే కొద్ది నిమిషాలకు మించి ఉంచకూడదు.

సంచిలో అయిదు రోజుల సరుకు ఉండాలి. 15 కిలోల కుక్కకు రోజుకు సుమారు లీటరు నీళ్లు, పిల్లికి పావు లీటరు. వండిన అన్నం నిలవుండదు కనుక పొడి మేత కొనండి. దాన్ని వారం ముందు నుంచే మామూలు తిండిలో కొంచెం కొంచెం కలిపి అలవాటు చేయకపోతే షెల్టరులో విరేచనాలు పట్టుకుంటాయి. మరమూత డబ్బా, పిల్లులకు పొడి ఇసుక, లోతు లేని పళ్లెం, టీకా కార్డు, జంతువుతో మీరు దిగిన ఫోటో కూడా పెట్టుకోండి. తప్పిపోతే ఆ ఫోటోయే రుజువు. మన మాత్రలు మాత్రం వేయకండి. పారాసిటమాల్ పిల్లిని చంపేస్తుంది.

గేదెకు గొంతువాపు టీకా తొలకరికి ముందే వేయించాలి. కట్టుతాడు తడిస్తే ముడి బిగుసుకుపోతుంది, పాకలో కొడవలి అందుబాటులో ఉంచండి. కొబ్బరిచెట్ల కింద, రేకుల పాకలో కట్టొద్దు. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో చెట్లు ఎలా కూలాయో మీ ఇంటి పెద్దలను అడగండి. ఏ కారణం చేతైనా ఏ జంతువునైనా వదిలి వెళ్లక తప్పకపోతే గొలుసు, తాడు విప్పేసి వెళ్లండి. గేదె ఈదగలదు, పలుపుతో రాటకు కట్టిన గేదె ఈదలేదు.

తుపాను కన్ను, అంటే దాని నడిబొడ్డు, మీ ఊరి మీదుగా పోతే గాలి ఒక్కసారి ఆగిపోతుంది. అయిపోయిందని కుక్కను బయటికి తీయకండి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే గాలి వస్తుంది.

తిరిగొచ్చాక కుక్కను కొన్ని రోజులు తాడు మీదే తిప్పండి. పాత వాసనలు కొట్టుకుపోయి దారి తప్పుతుంది, కూలిన మట్టల కింద పాములుంటాయి. ఉప్పెన కలిసిన చెరువు నీళ్లు తాగనివ్వకండి. తడిసి బూజు పట్టిన గడ్డి గేదెకు వేయొద్దు. జంతువు తిండి మానేసినా, కళ్లు పచ్చబడినా ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం కావచ్చు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. దారి తెగి ఉంటే దగ్గర్లోని పశువైద్యశాలకు మీరే తీసుకెళ్లండి.