మెషీన్ మీద 15 బార్లు, మీటరులో నాలుగే!

ప్రశ్న: ఎస్‌ప్రెస్సో మెషీన్ కొని ఆరు నెలలైంది. డబ్బా మీద 15 బార్ల ప్రెషర్ పంపు అని ఉంది కానీ మీటరు ముల్లు 4 దాటడం లేదు. పది సెకన్లకే కప్పు నిండిపోతోంది, కాఫీ పల్చగా, పుల్లగా ఉంటోంది. పంపు పోయిందంటున్నారు, మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అప్పుడే మార్చకండి. పంపు చేసేది నీళ్లను తోయడం వరకే, ఆ నీళ్లకు పొడి గట్టిగా అడ్డం నిలిస్తేనే ప్రెషర్ పుడుతుంది. మొక్కలకు నీళ్లు పట్టే పైపు మూతికి వేలు అడ్డం పెట్టినప్పుడు చూడండి, అదే ఇక్కడా. 15 అనేది పంపు తోయగలిగే గరిష్ఠం, కాఫీకి కావలసింది 9 బార్ల చుట్టుపక్కలే. 1961లో ఇటలీలో వచ్చిన ఫేమా ఇ61 పంపు మెషీన్ నుంచీ లెక్క ఇదే.

ముందు పంపు సంగతి తేల్చుకోండి. మెషీన్‌తో పాటు క్లీనింగ్ కోసం రబ్బరు బిళ్ల ఇచ్చి ఉంటారు, దాన్ని ఖాళీ బాస్కెట్‌లో, అంటే హ్యాండిల్‌లో పొడి వేసే చిల్లుల గిన్నెలో వేసి, హ్యాండిల్ మెషీన్‌కు బిగించి, పది సెకన్లు బటన్ నొక్కండి. ముల్లు 9 దాకా వెళ్లి, పంపు మోత బరువెక్కితే పంపు బాగున్నట్టే. ఆపగానే హ్యాండిల్ తిప్పొద్దు, లోపల ప్రెషర్ ఉంటే వేడినీళ్లు మీద చిమ్ముతాయి, ముల్లు సున్నాకు దిగాకే తీయండి.

నా అనుమానమంతా పొడి మీదే. ఏ పొడో మీరు రాయలేదు. కొట్లో ఆడించి తెచ్చిన ఫిల్టర్ కాఫీ పొడైతే ఎస్‌ప్రెస్సోకు బరక, పైగా చాలావాటిలో చికోరీ కలుస్తుంది. చికోరీ కలవని గింజలు, అరకువైనా సరే, వేయించిన తేదీ చూసి తెచ్చుకుని అప్పటికప్పుడు మరాడించుకోండి. 18 గ్రాములు పట్టే బాస్కెట్ అయితే 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. అంతకంటే ముందే దిగితే గ్రైండర్ ఒక్క మెట్టు సన్నం చేయండి. పొడి బరువు మాత్రం కదపొద్దు, రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. సన్నం చేసినా మారకపోతే వాడేసిన పొడి బిళ్లను చూడండి. ఒక పక్క చిన్న బొక్క కనిపిస్తే నీళ్లన్నీ అందులోంచే జారిపోతున్నాయని అర్థం. నొక్కే ముందు సన్నటి సూదితో ఉండలు చిదిమి, పొడి సమంగా పరిచి, పొడిని అదిమే టాంపర్‌ను నిటారుగా పట్టి అదమండి.

ఇంత చేశాక కూడా, రబ్బరు బిళ్ల పెట్టినా ముల్లు లేవకపోతే అప్పుడు మెకానిక్. మీ ఇంట్లో బోరు నీళ్లు వాడుతుంటే గార పట్టిందేమో ముందు చూడమనండి.