సి సర్టిఫికెట్ ఉంటే పరీక్ష లేనట్టేనా?

ప్రశ్న: కావలిలో బీకాం రెండో ఏడు చదువుతున్నాను. ఎన్‌సీసీలో బి సర్టిఫికెట్ పరీక్ష రాశాను. సి సర్టిఫికెట్ ఉంటే రాతపరీక్ష లేకుండా ఆర్మీలో ఆఫీసర్ కావచ్చని సీనియర్లు చెబుతున్నారు, నిజమేనా? నాన్న పరేడ్లు మానేసి బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే నోరు రాదు.
– ఒక క్యాడెట్, కావలి

జవాబు: నిజమేనమ్మా. దాన్ని ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అంటారు, ఏడాదికి రెండుసార్లు నోటిఫికేషన్ పడుతుంది. సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం, 19 నుంచి 25 లోపు వయసు, పెళ్లి కాకుండా ఉండాలి. పరేడ్ మాత్రం మానొద్దు. హాజరు తగ్గితే సి పరీక్షకే కూర్చోనివ్వరు.

రాతపరీక్ష లేదు గానీ ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ ఉంది, అయిదు రోజులు. మొదటి రోజు మసక బొమ్మ ఒకటి 30 సెకన్లు చూపిస్తారు. నాలుగు నిమిషాల్లో కథ రాసి, తర్వాత గుంపులో కూర్చుని దాని మీద మాట్లాడాలి. నేను మొదటిసారి అక్కడే పోయాను. పక్కవాళ్లు గడగడా మాట్లాడుతుంటే నోరే విప్పలేదు. ఆ రోజే పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశా.

రెండోసారి ఇంటర్వ్యూలో, ఇంట్లో నీకు అప్పజెప్పిన పనేంటని అడిగారు. మాది సింగరాయకొండ దగ్గర పల్లె, పొగాకు సేద్యం. బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) వెలిగించిన వారం రోజులూ రాత్రి కాపలా నాదే. గంటకోసారి టార్చిలైటు వేసి అద్దంలోంచి థర్మామీటరు చూడాలి, పొయ్యిలో కట్టె ఎగదొయ్యాలి, లేదా వెనక్కి లాగాలి. వేడి ఒక్కసారిగా ఎక్కితే ఆకు రంగు చెడిపోతుంది, ఆ ఏడు అప్పు తీరదు. ఒక రాత్రి కునుకు పట్టి లేచి, నాన్నని లేపి తప్పు ఒప్పుకున్న సంగతి కూడా చెప్పాను, అంతా తప్పుల ఇంగ్లీషులోనే. ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ ఇంకా ఇంకా అడిగారు. ఒక్క ప్రశ్నా గ్రామర్ మీద కాదు. ఆసారి సెలక్టయ్యాను.

నీకూ క్యాంపులున్నాయి. ఎవరికి జ్వరమొస్తే ఎవరు చూశారు, టెంటు కూలితే ఎవరు నిలబెట్టారు, అందులో నువ్వేం చేశావు? అవి రోజూ అరగంట స్నేహితురాలితో ఇంగ్లీషులో చెప్పు. ఇంట్లో ఎవరితోనైనా మాటలు చదివించుకో, ఒక్కో మాటకి 15 సెకన్లలో ఒక వాక్యం రాయి. ఎస్‌ఎస్‌బీలో అలాంటి మాటలు 60 ఉంటాయి.

ఈ ఎంట్రీలో ఆడపిల్లలకి సీట్లు బాగా తక్కువ, అందుకే సీడీఎస్ (ఆఫీసర్ పోస్టులకి యూపీఎస్సీ పెట్టే రాతపరీక్ష) కూడా రాయి. చెన్నైలోని ఓటీఏకి (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) అయితే ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్ మాత్రమే, లెక్కలుండవు. బ్యాంకు కోచింగ్‌లో చదివేది ఇక్కడా పనికొస్తుంది కాబట్టి నాన్న మాటా కాదనక్కర్లేదు.

ఓటీఏలో ట్రైనింగు 49 వారాలు. సర్వీసు పదేళ్లు, కావాలంటే ఇంకో నాలుగేళ్లు పొడిగిస్తారు. ఇప్పుడు ఆడవాళ్లకీ పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా సర్వీసు, ఉంది. తర్వాత గతేమిటని నాన్న అడిగితే ఇది చెప్పు. ఒకసారి ఆయన్ని మీ కాలేజీ గ్రౌండుకి తీసుకెళ్లు. నువ్వు కమాండ్ ఇస్తుంటే ఆయన చెవితో వినాలి.