స్ప్రింట్ నడిపే టీమ్‌కి క్యాబ్ అప్రూవల్ అడ్డమా? మా మిర్చి సీజన్ అనుభవం

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీ టీమ్ స్క్రమ్ నడుపుతోంది, అంటే పనిని రెండు వారాల చిన్న విడతలుగా (స్ప్రింట్లుగా) విడగొట్టి చేస్తోంది. కొత్త క్లయింటేమో అంతా ఐటిల్ (ఐటీ సేవల్ని నడిపే పద్ధతుల సంకలనం) ప్రకారం జరగాలనీ, ప్రతి రిలీజ్‌కీ మార్పుల్ని పరిశీలించే కమిటీ చేంజ్ అడ్వైజరీ బోర్డు, అంటే క్యాబ్, ఒప్పుకోవాలనీ పట్టుబడుతున్నాడు. ఒకే ఒరలో ఈ రెండు కత్తులు ఇముడుతాయా అని మీ సందేహం.

ఇముడుతాయి. కాకపోతే మాకు ఒక సీజన్ మొత్తం పట్టింది, చీవాట్లు కూడా బాగానే పడ్డాయి.

నేను విజయవాడలో ఒక చిన్న కంపెనీలో చేస్తున్నాను. మొదటి నాలుగేళ్లు సపోర్టులో ఫోన్లు ఎత్తాను, తర్వాత కోడ్ రాశాను, ఇప్పుడు ఈ రెండు బల్లల మధ్య తిరుగుతుంటాను. మా సాఫ్ట్‌వేర్ వాడేది గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీలవాళ్లు, మిర్చి కమీషన్ వ్యాపారులు. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా తూకం, హమాలీ ఖర్చు, చివర్లో రైతు చేతికిచ్చే లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ, అన్నీ అందులోనే. సంక్రాంతి దాటిందంటే సరుకు దిగడం మొదలవుతుంది. మే నెలలో యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చే దాకా మాకు ఊపిరాడదు.

ఒక ఫిబ్రవరిలో, బుధవారం సాయంత్రం స్ప్రింట్ రివ్యూ (విడత చివర చేసిన పని చూపించే మీటింగ్) అయిపోయాక ఏడింటికి ఒక రిలీజ్ పెట్టాం. అందులో ఒక చిన్న స్టోరీ (పని ముక్క) ఉంది: రిపోర్టులో తూకం కాలమ్ మరీ వెడల్పుగా వస్తోంది, సరిచేయాలి. మా కుర్రాడొకడు ఆ ఫీల్డుని పూర్ణాంకంగా మార్చేశాడు. అదే ఫీల్డు తక్‌పట్టీలోకి కూడా పోతుందని అతనికి తెలియదు. రివ్యూ చేసిన నాకూ తట్టలేదు.

పొద్దున కాటాలు మొదలయ్యాయి. టిక్కీ టిక్కీకీ దశాంశం తెగిపోతోంది. ఒక్కో టిక్కీలో సగటున అరకిలో పోయినా, 52 టిక్కీల లాటులో 26 కిలోలు మాయం. తేజ రకం మిర్చి మీద అంటే వేల రూపాయల మాట. ఆ లాటు రైతు చదువుకున్నవాడు. కాటా మీద కనబడిన అంకెలన్నీ సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకుని, తక్‌పట్టీతో పక్కపక్కన పెట్టి చూపించాడట. గుమాస్తా మా సపోర్టుకి ఫోన్ చేసి, "ఏందబ్బాయ్, కాటా ఒకటి చెబుతుంది, నీ కంప్యూటర్ ఒకటి చెబుతుంది. రైతుకి నన్నేం చెప్పమంటావ్?" అన్నాడు.

సపోర్టు కుర్రాడు పాపం తనకు తెలిసినవన్నీ చేశాడు. ప్రింటర్ మార్పించాడు, కాటా కేబుల్ ఊడదీసి పెట్టించాడు, చివరికి కాటా కంపెనీవాళ్లకి కూడా ఫోన్ కొట్టాడు. పదకొండున్నర దాకా అతనికి తెలియనిది ఒక్కటే: రాత్రి రిలీజ్ జరిగిందని. అదే టైములో మేం రోజువారీ స్టాండప్ మీటింగ్‌లో నిలబడి ఆ స్టోరీని 'డన్' కాలమ్‌లోకి జరుపుకుంటున్నాం. మా బల్లలకీ సపోర్టు బల్లకీ మధ్య ఉన్నది ఒక వాటర్ క్యాన్ స్టాండ్ మాత్రమే.

ఇది ఐటిల్ లేక జరిగిందా, అజైల్ (స్క్రమ్ లాంటి పద్ధతుల ఉమ్మడి పేరు) ఉండి జరిగిందా అని ఆ తర్వాత వారం రోజులు వాదించుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే రెండూ కాదు. సపోర్టువాళ్ల టికెట్ల క్యూ ఒకటి, మేం చేయాల్సిన పనుల జాబితా, అంటే బ్యాక్‌లాగ్, ఒకటి ఉన్నాయి. ఒకదాని ముఖం ఒకటి చూడలేదు, అంతే.

దెబ్బ తిన్న క్లయింటు ఊరుకుంటాడా? వాళ్ల ఐటీ మేనేజరు గతంలో పెద్ద కంపెనీలో చేసిన మనిషి, రూలు పెట్టాడు. ఏ మార్పైనా ఐదు పనిదినాల ముందు ఫారం నింపాలి, గురువారం క్యాబ్ మీటింగ్‌లో ఒప్పుకుంటేనే రిలీజ్. మేం లోపల తిట్టుకుంటూ నింపాం. ఫారం బాధ పడలేక మూడు స్ప్రింట్ల పనిని మూటగట్టి మార్చి ఆఖర్లో ఒకేసారి దించాం. ఏదో పగిలింది. ఏ మార్పు వల్ల పగిలిందో తేల్చడానికే రెండు రోజులు. వెనక్కి తీద్దామంటే పనికొచ్చేవి కూడా పోతాయి. ప్రమాదం తగ్గించడానికని పెట్టిన రూలే ప్రమాదాన్ని పోగేసి ఒక్కరోజు నెత్తిన పడేసింది.

మాకే కాదు, చాలామందికి ఇదే అనుభవం. సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరు మీద ఏళ్లుగా సాగుతున్న డోరా పరిశోధనలో తేలింది కూడా ఇదే: టీమ్ బయటివాళ్ల అప్రూవల్ పెట్టినచోట డెలివరీ నెమ్మదించింది, దానివల్ల రిలీజ్‌లు ఫెయిలవడం తగ్గిందనడానికి మాత్రం ఆధారం దొరకలేదు.

అప్పుడు కూర్చుని ఐటిల్ అసలు ఏమంటుందో చదివాను. ముందే చదవాల్సింది. దాన్ని 1980ల చివర్లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ సీసీటీఏ తయారుచేయించింది, పెద్ద మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల కాలం. అజైల్ మేనిఫెస్టో 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని రాసుకున్నది. రెండూ వేర్వేరు తలనొప్పులకి మందులు. 2019లో వచ్చిన ఐటిల్ 4 అయితే ప్రాసెస్‌లనే మాట తగ్గించి 34 ప్రాక్టీసులంటుంది. దాని ఏడు మార్గదర్శక సూత్రాల్లో ఒకటి, చిన్న చిన్న అంచెలుగా, ఫీడ్‌బ్యాక్ తీసుకుంటూ ముందుకు పొమ్మని. స్క్రమ్ చెప్పేదీ అదే కదా! చేంజ్ మేనేజ్‌మెంట్ పేరు కూడా అందులో చేంజ్ ఎనేబుల్‌మెంట్.

అసలు సంగతి ఏమిటంటే, ప్రతి మార్పూ క్యాబ్‌కి వెళ్లాలని ఐటిల్ ఎక్కడా అనదు. మార్పులు మూడు రకాలు. ముందే ఒప్పుకున్న, రిస్కు తెలిసిన, పదేపదే చేసేవి స్టాండర్డ్. పరిశీలించి ఒప్పుకోవాల్సినవి నార్మల్. కొంప మునిగేటప్పుడు చేసేవి ఎమర్జెన్సీ. నార్మల్‌లో కూడా ఒప్పుకునే అధికారం ఎవరికివ్వాలో మార్పు బరువును బట్టి మనమే తేల్చుకోవచ్చు, అది కమిటీయే కానక్కర్లేదు. మీ క్లయింటు అన్నిటినీ నార్మల్ కింద జమకట్టేస్తున్నాడని నా అనుమానం. మా క్లయింటు చేసింది అదే.

సెలవుల నెలలో గుంటూరు వెళ్లి ఆ మేనేజరు ఎదురుగా కూర్చున్నాను. వాదనకి దిగలేదు. గత ఏడాది మేం చేసిన మార్పుల లిస్టు ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. "సార్, వీటిలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టినవి ఏవో ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టండి" అన్నాను. చుట్టినవన్నీ దాదాపు రెండు చోట్లే పడ్డాయి: తూకం లెక్క, డబ్బు లెక్క. రిపోర్టు హెడ్డింగులు, కొత్త రకం పేరు చేర్చడం, స్క్రీన్ సర్దుబాట్ల దగ్గర ఒక్క గుండ్రం లేదు. ఆయన పెన్ను మూత పెట్టి టీ చెప్పాడు. మిగతా పని ఆ టీ అయ్యేలోపు అయిపోయింది.

గుండ్రం లేనివన్నీ స్టాండర్డ్ చేంజ్. వాటికి ఫారం మేం నింపం, కోడుని టెస్టు చేసి రిలీజ్ చేసే ఆటోమేటిక్ ఏర్పాటు, అంటే పైప్‌లైన్, నింపుతుంది: ఎవరు రాశారు, ఎవరు రివ్యూ చేశారు, టెస్టులు పాసయ్యాయా, వెనక్కి తీయాలంటే ఏం చేయాలి, అన్నీ చేంజ్ రికార్డులోకి వాటంతటవే చేరతాయి. ఆడిటరు వచ్చి అడిగితే మనిషి చేత్తో నింపిన ఫారం కన్నా ఇదే గట్టిగా నిలబడుతుంది. తూకం, డబ్బు ముట్టుకునేవి మాత్రం క్యాబ్‌కే. అవి నెలకి రెండో మూడో, కాబట్టి మీటింగ్‌లో నిజంగా చదువుతారు. కాటాలు నడిచే వేళల్లో ఏ రిలీజూ లేదు, ఈ షరతు మేమే పెట్టాం. ఒక స్టాండర్డ్ చేంజ్ వల్ల ఇన్సిడెంట్ (పనికి అడ్డుపడే సమస్య) వచ్చిందా, ఆ రకం మొత్తం మళ్లీ నార్మల్‌లోకి పోతుంది. ఈ మాటకే ఆయన ఒప్పుకున్నాడని నా నమ్మకం.

ఒక్క చేంజ్ గొడవ తీరితే సరిపోదు. ఐటిల్‌లో డెవలపర్లు పట్టించుకోనిది, నిజంగా బంగారంలాంటిది ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్. ఇన్సిడెంట్ వస్తే చేసేది ఇప్పటికి పని నడిచేలా చూడటం, ప్రాబ్లమ్ అంటే అది ఎందుకు వస్తోందో పట్టుకోవడం. మా సపోర్టువాళ్లు ప్రింటర్ హ్యాంగ్ అవడాన్ని ఏడాదిగా రీస్టార్టుతోనే నెట్టుకొచ్చారు, మా బ్యాక్‌లాగ్‌లో దాని ఊసే లేదు. ఇప్పుడు ఒకే ఇన్సిడెంట్ మూడోసారి వస్తే ప్రాబ్లమ్ టికెట్ తెరుస్తాం. అది బ్యాక్‌లాగ్‌లో ఒక ఐటమ్‌గా, అదే నంబరు లింకుతో కూర్చుంటుంది. ప్రతి స్ప్రింట్‌లో ఐదో వంతు వీటికని పక్కన పెడతాం. ఏ పని ముందో తేల్చే ప్రొడక్ట్ ఓనర్ మొదట్లో గింజుకున్నాడు. రెండు నెలలకి ఫోన్లు తగ్గడం చూసి తనే అడగడం మొదలుపెట్టాడు.

ఇంకో చిక్కు, స్ప్రింట్ మధ్యలో పీ1, అంటే అన్నిటికన్నా అత్యవసరమైన ఇన్సిడెంట్, వస్తే ఎవరు వదిలేసి పరుగెత్తాలి? అందరూ పరుగెత్తేవాళ్లం, స్ప్రింట్ గోల్ గాల్లో కలిసేది. వారానికొక డెవలపర్‌ని డ్యూటీకి పెట్టాం. ఆ వారం అతని పేరున స్టోరీలు ఉండవు. ఫోన్లు రాకపోతే ప్రాబ్లమ్ టికెట్ల పని చూస్తాడు. ఎస్‌ఎల్‌ఏ గంటల్ని (సమస్య తీర్చడానికి క్లయింటుకి ఒప్పుకున్న గడువుని) స్టోరీ పాయింట్లలోకి, అంటే పని బరువు అంచనా అంకెల్లోకి, మార్చే ప్రయత్నం మాత్రం చేయకండి. మేం చేసి నవ్వులపాలయ్యాం.

'డన్' అనే మాటకి కూడా ఒక వాక్యం చేర్చాం: ఏం మారిందో, ఏ ఫోన్లు రావచ్చో సపోర్టుకి తెలుగులో నాలుగు లైన్లు రాసి పెడితేనే డన్. ఆ సపోర్టు కుర్రాడు ఇప్పుడు ప్రతి స్ప్రింట్ రివ్యూలో కూర్చుంటాడు. మొన్న ఒక స్టోరీ డెమో మధ్యలో ఆపి, "అన్నా, ఈ బటన్ ఇక్కడుంటే గుమాస్తాలు చీటీ రెండుసార్లు కొడతారు" అన్నాడు. కొట్టి చూశాం. నిజమే.

క్యాబ్ అవసరమైన చోటు కూడా ఉంది. కాటా ఇండికేటర్ కంపెనీ దాని లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మార్చినప్పుడు, బ్యాంకు వైపు పేమెంట్ లింకు మారినప్పుడు మన టెస్టులు ఎన్ని పాసైనా లాభం లేదు. నలుగుర్నీ ఒకచోట కూర్చోబెట్టి తేదీ ఖాయం చేయాల్సిందే. అలాంటి గురువారం మీటింగ్‌కి నేనే ముందు వెళ్లి కూర్చుంటాను.

ఐటిల్‌లో మొదటి మెట్టు అయిన ఫౌండేషన్ పరీక్ష రాయమంటారా అని కూడా మీరు అడిగారు. ఐటిల్ 4 ఫౌండేషన్‌లో 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 సరైతే పాస్. క్లయింటుతో ఒకే భాషలో మాట్లాడటానికి టీమ్‌లో ఒకరు రాస్తే చాలు, మిగతావాళ్ల ఫీజు డబ్బుతో టెస్ట్ సర్వర్ కొనుక్కోండి.

టికెట్లకి మీ క్లయింటు వాడే సాఫ్ట్‌వేర్ సర్వీస్‌నౌనా, జిరానా? చెప్తే పైప్‌లైన్ నుంచి చేంజ్ రికార్డు ఎలా తెరిపించామో విడిగా రాస్తాను.